చీము పట్టిన శుభవేళ

ఆ అమ్మాయికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది కానీ, హాజరు పిలిచే వేళ తప్ప అది ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నర్సింగ్ స్కూలు రెండో సంవత్సరంలో ఆమె పేరు అలర్జీ. ఊరికే వచ్చిన బిరుదు కాదది, చెమటోడ్చి సంపాదించుకున్నది.

వార్డులో కాలు పెట్టిన కొత్తలోనే ఒక పెద్దాయన మూత్రం ఎర్రగా రావడం చూసింది. పెద్ద సిస్టర్ బల్ల మీదుండే ఇత్తడి గంట అందుకుని, మోగించుకుంటూ నడవ చివరిదాకా పరిగెత్తి, భోజనం చేస్తున్న డాక్టరుని ఎంగిలి చేత్తోనే లాక్కొచ్చింది. తీరా చూస్తే పెద్దాయన ముందురోజు రెండు పూటలా బీట్‌రూట్ లాగించాడు. ఇంకోసారి ఒకావిడ కాళ్ళు నీలం తిరిగాయని గంట కొట్టింది. కాళ్ళకేం కాలేదు, కొత్త మేజోళ్ళు రంగు దిగాయి. తాడుని చూసి పామనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఈ పిల్ల పాముల సంగతి అటుంచి దారప్పోగుని చూసినా కొండచిలువ అనేది.

ఆ మేజోళ్ళ రోజున పెద్ద సిస్టర్ గంట తీసి సొరుగులో పెట్టి తాళం వేసింది. ఒంట్లో ఉండే కాపలా కూడా కొందరిలో ఇలాగే తయారవుతుందని పిల్లలందరి ముందూ చెప్పింది. ముక్కులోకి పుప్పొడి వస్తే పులి వచ్చినట్టు గోల పెడుతుంది, కళ్ళు కార్పిస్తుంది, ఒళ్ళంతా దద్దుర్లు లేపుతుంది. హాని లేని దాని మీద హంగామా చెయ్యడమే అలర్జీ. ఇదుగో, మన వార్డుకి పట్టిన అలర్జీ ఇదే. ఇంకొక్క దొంగ కూత కూసిందంటే వార్డు నుంచి వెనక్కి పంపి ఏడాది మళ్ళీ చదివిస్తానని కూడా అంది. పెద్ద సిస్టర్ మాట అన్నదంటే ఇంజెక్షన్ పొడిచినట్టే, వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఇక పాఠాలు చెప్పే ట్యూటర్ మేడమ్‌ది ఇంకో తరహా. ఆవిడకి పాఠం చెప్పడం వచ్చు కానీ చెప్పి ఊరుకోవడం రాదు. రెండో సంవత్సరం పిల్లలచేత ఏటా రోగనిరోధక వ్యవస్థ మొత్తాన్నీ నాటకంగా వేయించేది, అదీ ఆస్పత్రి పెద్ద హాల్లో, చీటీలు పట్టుకుని కూర్చున్న రోగుల ఎదుట. పొడుగుపిల్లలు ఆరుగురు చేతులు కలిపి వరసగా నిలబడితే చర్మం. చర్మం ధర్మం తప్పనంతవరకూ యుద్ధమే రాదని మేడమ్ మొదటి మాట. ఎక్కడైనా చిల్లి పడి సూక్ష్మజీవులు దూరాయా, లోపల గస్తీ తిరిగే మాక్రోఫేజ్ అనే కణం దొరికినవాణ్ణి దొరికినట్టు మింగి, మిగతావాళ్ళని పిలుస్తుంది. హాస్టల్లో మూడోసారి వడ్డించమనే అమ్మాయికి ఆ వేషం ఇచ్చారు, నటించాల్సిన అవసరం రాలేదు. బీ కణం వేసిన పిల్ల చేతినిండా పంగల కర్రలు పట్టుకుని విసురుతుంటుంది. అవి యాంటీబాడీలు, వెళ్ళి శత్రువుని అతుక్కుంటాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ టీ కణం పడుతుంది, మన కణంలోనే నక్కిన వైరస్‌ని ఆ కణంతో సహా మట్టుపెడుతుంది. జ్ఞాపక కణం అచ్చంగా అత్తగారు: ఒకసారి చేసిన తప్పుని ముప్ఫయ్యేళ్ళయినా మరిచిపోదు, మళ్ళీ గడపలో కనిపిస్తే పాత చిట్టా విప్పుతుంది. టీకా వేయించుకోవడమంటే శత్రువనే పుస్తకం రాకముందే దానికి టీకా రాయించి పెట్టుకోవడమని మేడమ్ అంటే, పిల్లలు నవ్వేలోపే అది పరీక్షలో వస్తుందని కూడా అనేది.

అలర్జీకి ఇచ్చిన వేషం చీము.

అసలు ముందు న్యూట్రోఫిల్‌గా రావాలి. పిలుపు అందగానే అందరికంటే ముందు ఉరికొచ్చేది ఆ తెల్లకణమే. వచ్చి, కొట్టి, మింగి, అక్కడే చచ్చి కుప్పవుతుంది. ఆ కుప్పకే చీము అని పేరు. మాటలు లేవు, పాటలు లేవు. రావడం, చావడం. స్నేహితురాళ్ళు దీన్ని ఊరికే పోనివ్వలేదు. చీమూ నెత్తురూ ఉన్నదానివి నువ్వొక్కదానివేనే అని ఒకర్తి, మాకు సిగ్గే లేదు నీకు చీమన్నా ఉంది అని ఇంకొకర్తి. ఆమె నవ్వేసింది గానీ మూలమంచం పక్కన దుప్పట్లు మారుస్తూ ముక్కు ఎగబీల్చింది.

మూలమంచం మీద ఉన్నది దర్జీ మాస్టారు. మెడలో గ్రంథులకి వచ్చిన క్యాన్సర్‌కి మందు ఎక్కించుకుంటున్న మనిషి. జుట్టు పోయింది, దర్జా పోలేదు. అద్దం లేకపోయినా చొక్కా గుండీ వంకరైతే చేత్తో తడిమి కనిపెట్టేవాడు. ఆ మందు శత్రువునీ సైనికుణ్ణీ ఒకే కత్తెరతో కత్తిరిస్తుందనీ, ఎక్కించిన కొన్నాళ్ళకి తెల్లకణాలు పాతాళానికి దిగుతాయనీ, ఆ రోజుల్లో చిన్న గీరు కూడా పెద్ద గండమనీ పెద్ద సిస్టర్ ఆయనకి చెప్పింది. సూదీ కత్తెరా దగ్గరికి రానివ్వనని ఖచ్చితంగా చెప్పింది. దర్జీకి సూది వద్దనడం చేపకి నీళ్ళు వద్దనడమే. ఆయన తలూపాడు. తల మాత్రమే ఊపాడు.

అలర్జీ ముక్కు ఎగబీల్చడం విని సంగతంతా లాగాడు. చీముకి కట్టేది పాత దుప్పటా అని అడిగి, అవునంటే ఆయనకి గుండెల్లో గుండుసూది దిగింది. యుద్ధంలో ముందు పోయేవాడికి పాత దుప్పటి ఏమిటమ్మా అన్నాడు. ఆ సాయంత్రమే బావమరిదిని పిలిచాడు. ఈ బావమరిది బావ మాట జవదాటడు. అదే ఆయన గుణం, అదే ఆయన గుదిబండ. పసుపుపచ్చ బట్ట, సూది, దారం సంచిలో దూర్చి తెచ్చాడు. అలా కుట్టు కోసం కుట్ర జరిగింది. దుప్పటి ముసుగులో కుచ్చుల మీద కుచ్చులు పెట్టి గౌను కుడుతుంటే, వేలికి తొడుక్కునే ఇనప టోపీ లేక, ఎడమ చూపుడువేల్లో సూది కసుక్కున దిగింది. నెత్తుటి బొట్టు చొక్కాకి తుడుచుకుని కుట్టు కొనసాగించాడు. అంచు ఒక్కటి మిగిలింది.

ఆ మర్నాడు నాటకం రిహార్సల్. దర్జీ మాస్టారు ఇస్తానన్న గౌను ఇంకా అందలేదు కాబట్టి అలర్జీ రానా మాననా అని తలుపు వెనక తచ్చాడింది. వేదిక మీద చర్మానికి చిల్లి పడింది, సూక్ష్మజీవులు లోపలికి దూకాయి, మాక్రోఫేజ్ పిలుస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. సూక్ష్మజీవుల వేషం కట్టినవాళ్ళు కొట్టేవాళ్ళు లేక హాయిగా కూర్చున్నారు. వేదికంతా ప్రశాంతం. మేడమ్ చప్పట్లు కొట్టి ఆపి, తలుపు వెనక నుంచి అలర్జీని లాక్కొచ్చి నిలబెట్టింది.

"చూశావా ఎంత బాగుందో? గొడవ లేదు, గోల లేదు. బయటినుంచి చూసేవాడు ఆరోగ్యం అనుకుంటాడు. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, ఇవన్నీ రోగం చేసే గొడవ అనుకుంటున్నావా? మనవాళ్ళు చేసే గొడవే. నువ్వు రాకపోతే గొడవ ఉండదు, మనిషీ ఉండడు."

ఆమె తల వంచుకుని వింది. ఏదో తిట్టు అనుకునే వింది.

మరో రెండు రోజులు పోయాక దర్జీని ఇంటికి పంపుదామన్నారు. పొద్దున డాక్టరు వచ్చి చూశాడు. జ్వరం లేదు. వేలికి ఏమైందంటే గుండీ గీరుకుందని దర్జీ అబద్ధమాడాడు; డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి, ఎరుపు లేదు, వాపు లేదు, శుభ్రంగా ఉందన్నాడు. వచ్చే వారం రక్తపరీక్షకి రమ్మన్నాడు. బావమరిది సంచీ సర్దేసి, వాహనం కూడా పిలిచేశాడు. బయల్దేరేముందు చివరిసారి నాడి, జ్వరం చూసి రమ్మని పెద్ద సిస్టర్ అలర్జీని పంపింది. పాడుచెయ్యడానికి వీల్లేని పని అది.

జ్వరం చూసింది, లేదు. నాడి పట్టుకుంది. అది కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు పరిగెడుతోంది. అందరికీ చెమటలు పడుతున్న గదిలో ఆయన దుప్పటి గడ్డందాకా లాక్కుని ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది. వేలు చూపించమంది. నల్లటి చుక్క, సూదిమొనంత. గౌను మీరే కుట్టారా మాస్టారూ అంటే దర్జీ తలూపాడు. చుట్టూ చర్మం మామూలు రంగు. మెల్లిగా నొక్కింది. దర్జీ చెయ్యి విదిలించుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బంగారంలాంటి వేలమ్మా అది," అన్నాడు బావమరిది, సంచి జిప్పు లాగుతూ. "వాపా పాడా. చీమూ లేదు, నెత్తురూ లేదు."

ఆమె ఆ వేలిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అంత నొప్పి ఉంది, ఎరుపు లేదు. సూది దిగి రోజులైంది, వాపు లేదు. వేదిక మీద హాయిగా కూర్చున్న సూక్ష్మజీవులు కళ్ళముందుకొచ్చాయి. ఇక్కడా పిలుపు వెళ్ళింది. ఎవరూ రాలేదు.

మరి జ్వరం ఎందుకు లేదు? జ్వరమంటే వరమేనని మేడమ్ చెప్పింది, సూక్ష్మజీవులకి ఒళ్ళు పొయ్యిలా చెయ్యమని మెదడు ఇచ్చే ఆజ్ఞ అది. ఆ ఆజ్ఞ అయినా రావాలే. పొద్దున ఏమైనా మాత్ర వేసుకున్నారా మాస్టారూ అని అడిగింది. దర్జీ బావమరిది వైపు చూశాడు. బావమరిది కిటికీ వైపు చూశాడు. అతని చొక్కాజేబులోంచి జ్వరం మాత్రల అట్ట బయటికొచ్చింది. తెల్లారకముందు బావ వణుకుతున్నాడట, ఒళ్ళు నొప్పులన్నాడట, ఇంటికెళ్ళే రోజున జ్వరమంటే ఆపేస్తారని ఇద్దరూ కలిసి మాత్ర మింగించారట.

అలర్జీ లేచింది. పెద్ద సిస్టర్ బల్ల దాకా నడవ పొడవునా నడిచింది. ఆ కాస్త దూరంలో ఆమె మనసులో మేజోళ్ళూ బీట్‌రూటూ అన్నీ ఊరేగాయి. డాక్టరు చూసి బాగుందన్న వేలది. తనేమో వార్డుకి పట్టిన అలర్జీ. నోరు మూసుకుంటే ఏడాది గట్టెక్కుతుంది. తెరిస్తే, అదీ తప్పయితే, పోతుంది.

పరిగెత్తలేదు, అరవలేదు. ఆ నెమ్మదే పెద్ద సిస్టర్ తల ఎత్తేలా చేసింది.

"సిస్టర్, దర్జీ మాస్టారు ఇంటికి వెళ్ళకూడదు."

"ఏమైంది?"

"వేలు మరీ బాగుంది."

పెద్ద సిస్టర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. సూది గుచ్చుకున్న సంగతి, ముట్టుకుంటే వచ్చే నొప్పి, ఎరుపూ వాపూ లేకపోవడం, పరిగెత్తే నాడి, మాత్ర కింద దాక్కున్న జ్వరం అన్నీ వరసగా చెప్పింది అమ్మాయి. తెల్లకణాలు అడుగంటి ఉంటాయనీ, అందుకే పోరాటం కనపడటం లేదనీ చెప్పింది.

"తప్పయితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు. నేను ఏడాది మళ్ళీ చదువుతాను. ఒప్పయి ఊరుకుంటే ఆయనకి ఇంకో ఏడాది ఉండదు సిస్టర్."

అప్పటికే పెద్ద సిస్టర్ కుర్చీలో లేదు. మంచం దగ్గరికెళ్ళి నాడి చూసింది, రక్తపోటు చూసింది, అది కిందకి జారుతోంది. వాహనాన్ని వెనక్కి పంపమని బావమరిదికి ఒక్కమాట చెప్పి, డాక్టరుకి కబురు పెట్టింది. ఆయన వచ్చి పొద్దున చూసిన వేలినే మళ్ళీ పట్టుకుని, ఈసారి మంచం మీద కూర్చున్నాడు. నా కళ్ళకి శుభ్రంగా కనిపించింది, అది ఖాళీ అని తట్టలేదు అన్నాడు ఎవరితోనూ కాదన్నట్టు. రెండు చేతుల నుంచీ పరీక్షకి రక్తం తీశారు. రిపోర్టు కోసం ఆగలేదు. గంట తిరక్కుండా యాంటీబయాటిక్ నరంలోకి దిగుతోంది. మధ్యాహ్నానికి మాత్ర బలం తగ్గి జ్వరం ముసుగు తీసింది. వణుకుకి మంచం చప్పుడు చేసింది. సాయంత్రం రక్తపరీక్ష వచ్చింది. న్యూట్రోఫిల్స్ దాదాపు లేవు. తెల్లకణాల సంఖ్య చూసి తెల్లబోని మనిషి ఆ వార్డులో లేడు. ఇంటికి పంపేసి ఉంటే, రాత్రికి ఆ వేలి దారినే సూక్ష్మజీవులు ఒళ్ళంతా ఏలేవి.

బావ కోసం బావమరిది బావురుమన్నాడు. సూది తెచ్చింది నేనే, మాత్ర తెచ్చింది నేనే, నన్ను కూడా సంచిలో సర్దెయ్యండి అన్నాడు. పెద్ద సిస్టర్ అతన్ని తిట్టలేదు, ఉద్యోగం ఇచ్చింది. దర్జీని అద్దాల కిటికీ ఉన్న విడిగదిలోకి మార్చి, చేతులు కడుక్కోనివాణ్ణి లోపలికి రానివ్వద్దని గుమ్మంలో ఇతన్ని నిలబెట్టింది. అంతే, ఆ గదికి అతనే చర్మం. పూలు తెచ్చినవాళ్ళని పూలతో సహా తిప్పి పంపాడు. జలుబు చేసిన సొంత అక్కని, అంటే దర్జీ భార్యని, అద్దం అవతలే ఆపేశాడు. ఆవిడ అద్దంలోంచే మొగుణ్ణి తిట్టింది. చప్పుడు వినిపించకపోయినా దర్జీకి ప్రతి మాటా అర్థమైంది, పాతికేళ్ళ జ్ఞాపక కణాలు మరి.

ఆ రోజులు తేలిగ్గా గడవలేదు. రక్తపోటు ఒకపూట మరీ పడిపోయి, సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. ఎముకల మజ్జలో కొత్త తెల్లకణాలని తొందరపెట్టే ఇంజెక్షన్ రోజూ చేశారు. అలర్జీకి ఆ గదిలోనే డ్యూటీ వేశారు. ఆమె రోజూ వేలు చూసేది. వేలు రోజూ అలాగే, నున్నగా, మామూలుగా, పలకనట్టు ఉండేది. జ్వరం మత్తులో ఉన్న దర్జీ ఒకసారి కళ్ళు తెరిచి, అంచు మిగిలిపోయిందమ్మడూ అన్నాడు. తర్వాత చూద్దాం మాస్టారూ అంది. ఆ తర్వాత అనే మాట అప్పుడు చాలా దూరంగా కనిపించింది.

జ్వరం మెల్లిగా దిగింది. నాటకం రోజు వచ్చింది. ట్యూటర్ మేడమ్ ఈసారి హాలు వద్దని, విడిగది కిటికీకి ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో వేయిస్తానంది. ఆ పొద్దున అలర్జీ చేతులు కడుక్కుని, గుమ్మంలో చర్మానికి రెండువైపులా తిప్పి చూపించి, లోపలికెళ్ళి ఎప్పట్లాగే వేలు పట్టుకుంది.

వేడిగా ఉంది.

నల్లచుక్క చుట్టూ ఎర్రటి వలయం. వేలు ఉబ్బింది. చుక్క మధ్యలో, ఆవగింజలో సగమంత, పసుపుపచ్చగా మెరుస్తోంది. ఆమె అది చూసినట్టు రాణులు కూడా తమ ఉంగరాన్ని చూసుకుని ఉండరు. ఏమ్మా, పాడైపోయిందా అన్నాడు దర్జీ భయంగా. సైన్యం వచ్చింది మాస్టారూ అని, చెయ్యి మెల్లిగా దిండు మీద పెట్టి బయటికి నడిచింది.

పెద్ద సిస్టర్ వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. చీమే. ఒంట్లో పస వస్తేనే వేలికి పస్సు. ఆవిడ తిరిగి బల్ల దగ్గరికెళ్ళి, సొరుగు తాళం తీసి, ఇత్తడి గంట తెచ్చి అలర్జీ చేతిలో పెట్టింది.

"కొట్టు."

"సిస్టర్?"

"చీము పట్టింది కదా, నలుగురికీ తెలియొద్దూ. కొట్టు."

అలర్జీ కొట్టింది. ముందు బెరుగ్గా, తర్వాత నడవ దద్దరిల్లేలా. మంచాల మీదున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఏమిటి సంగతంటే దర్జీ వేలికి చీము పట్టిందని నోటినుంచి నోటికి పాకింది. అయ్యో పాపం అన్నవాళ్ళకి, అయ్యో కాదు, ఆహా అనాలని పక్క మంచాలవాళ్ళే సర్ది చెప్పారు. డాక్టరు ఈసారి కూడా భోజనం మధ్యలోంచే లేచొచ్చాడు. బావమరిది గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి, కడుక్కుంటేనే అన్నాడు. డాక్టరు బుద్ధిగా వెళ్ళి సబ్బుతో కడుక్కుని వచ్చి, వేలు చూసి, చీముని సూదితో తీసి, కట్టు కట్టి, రక్తపరీక్ష కూడా ఇదే చెబుతుంది చూడండన్నాడు. చెప్పింది కూడా.

మధ్యాహ్నం కిటికీ ముందు నాటకం మొదలైంది. చర్మానికి చిల్లి పడింది. మాక్రోఫేజ్ పిలిచింది. బావమరిది సంచిలోంచి తీసిచ్చిన పసుపుపచ్చ కుచ్చుల గౌనులో అలర్జీ అందరికంటే ముందు ఉరికింది. సూక్ష్మజీవుల వేషగాళ్ళు నిజంగానే బెదిరి వెనక్కి తగ్గారు. కొట్టింది, మింగింది, ఘనంగా తిరిగి తిరిగి, కుచ్చులన్నీ పరుచుకునేలా కూలింది. ఏ ఏడాదీ చీముకి చప్పట్లు పడలేదు. ఆ రోజు వార్డు కిటికీలన్నీ చప్పట్లే.

చప్పట్లు ఆగినా అద్దం మీద టకటక ఆగలేదు. లోపల దర్జీ దిండుకి ఆనుకుని కూర్చుని, కట్టు కట్టిన వేలితో కిందకి చూపిస్తూ ఏదో అంటున్నాడు. పిల్లలకి అర్థం కాక గుమ్మం వైపు చూశారు.

"అంచు కుట్టు లేక వేలాడుతోందట," అన్నాడు బావమరిది. "అంచు లేని బట్టతో చచ్చినా లేచినా తన పరువేనట. ఇప్పుడే కుట్టాలట."

పెద్ద సిస్టర్ సూదీ దారం తెప్పించింది. లోపలికి మాత్రం పోనివ్వలేదు. కిటికీ అవతల గడ్డిలో తనే చతికిలబడి, చీము పాదాల దగ్గర కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని, సూదిలో దారం ఎక్కించింది. మొదటి కుట్టు వంకరపోయింది. అద్దం వెనక కట్టు కట్టిన వేలు అడ్డంగా ఊగింది. ఆవిడ విప్పి మళ్ళీ కుట్టింది. వేలు కాస్త ఆలోచించి, నిలువుగా ఊగింది.